‘నివేదించు’ అంటే ఎవరికి చెప్పినట్టు?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్ళ కోసం కొందరు కుర్రాళ్ళు కలిసి ఒక యాప్ చేస్తున్నారు. అందులో ఊరి కబుర్లు, అమ్మకాలు, అద్దె ఇళ్ళు, పెళ్ళి సంబంధాలు ఉంటాయి. చెడ్డ పోస్టు కనిపిస్తే తెలియజేయడానికి మొదట ‘నివేదించు’ అని బటన్ పెట్టారు, ఎవరూ నొక్కలేదు. ‘రిపోర్ట్’ అని మార్చారు, నొక్కినవాళ్ళు సగంలో వదిలేస్తున్నారు. ‘ఫిర్యాదు’ అని పెట్టమంటారా, మాట తీసేసి జెండా బొమ్మ ఒక్కటే ఉంచమంటారా అని అడుగుతున్నారు.

జెండా బొమ్మ ఒక్కటే వద్దు. మొదటి తెరమీద ‘ఫిర్యాదు’ కూడా వద్దు. నేనైతే ‘దీని గురించి మాకు చెప్పండి’ అని పెడతాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగ్గా రాయాలి, ఓపిగ్గా చదవండి.

నేను పర్లాకిమిడిలో పుట్టాను, గుణుపూర్‌లో ఉంటున్నాను. యాప్‌ల తెరలమీద కనిపించే తెలుగు మాటలు రాయడమే పన్నెండేళ్ళుగా నా పని. అయినా ఈ బటన్ సంగతి నాకు పనిలో అర్థం కాలేదు, ఇంట్లో అర్థమైంది. మా మేనకోడలు ఇంటర్ చదువుతున్నప్పుడు ఎవరో దాని ఫోటో తీసుకుని ఫేక్ ఐడీ పెట్టారు. ఆ ఐడీ నుంచి తెలిసినవాళ్ళకే మెసేజ్‌లు వెళ్ళాయి. పిల్ల మాకెవరికీ చెప్పకుండా రాత్రి తనే ఆ యాప్‌లో బటన్ వెతికి నొక్కింది. ‘ఈ ఖాతాను నివేదించాలనుకుంటున్నారా?’ అని అడిగింది. కింద రెండు బటన్లు: ‘రద్దు చేయి’, ‘సమర్పించు’. ఆ ఫేక్ ఐడీ రద్దు కావాలనేగా దాని కోరిక, అందుకని ‘రద్దు చేయి’ నొక్కింది. తెర మూసుకుపోయింది. పనైపోయిందనుకుని పడుకుంది. మర్నాడు ఐడీ అలాగే ఉంది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ ‘రద్దు చేయి’. నాలుగు రోజులు అలా చేసి, ‘నేను చెప్పినా వీళ్ళు పట్టించుకోవడం లేదు’ అని ఏడుస్తూ మా అక్కకు చెప్పింది. ఆ నాలుగు రోజుల్లో ఒక్క ఫిర్యాదు కూడా ఆ కంపెనీకి చేరలేదు. పిల్ల చదువుకున్నదే, ఫోన్ బాగా వాడేదే. తప్పు దానిది కాదు, ఆ రెండు మాటలు రాసినవాళ్ళది. అప్పటికి నేను కూడా అలాంటి తెరలకు ‘రద్దు చేయి’ అనే రాస్తుండేవాణ్ణి. ఆ రోజు నుంచి మానేశాను.

ముందు ‘రద్దు’ సంగతే చూడండి. ఆ తెరమీద రద్దయ్యేవి రెండున్నాయి. ఒకటి ఎదుటివాడి పోస్టు, రెండోది నేను మొదలుపెట్టిన పని. యాప్ చేసినవాళ్ళ మనసులో రెండోది ఉంటుంది, నొక్కేవాళ్ళ మనసులో మొదటిదే ఉంటుంది. అందుకని ఏదైనా తొలగించే తెరమీద, తొలగించమని అడిగే తెరమీద ‘రద్దు’ మాట అసలు వాడకండి. ‘వద్దు, వెనక్కి’ అని రాయండి. రెండో బటన్‌కు ‘సమర్పించు’ కూడా వద్దు. మనవాళ్ళు సమర్పించేది దేవుడికి కొబ్బరికాయ, ఆఫీసులో దరఖాస్తు. ‘పంపించండి’ చాలు. ‘అవును’, ‘కాదు’ అని అస్సలు పెట్టకండి. ‘ఈ పోస్టు మీకు వద్దా?’ అని అడిగితే కొందరు ‘అవును, వద్దు’ అంటారు, కొందరు ‘వద్దు’ అనడానికి ‘కాదు’ నొక్కుతారు. పైన ప్రశ్న చదవకపోయినా బటన్ మీది మాట ఒక్కటి చూస్తే ఏం జరుగుతుందో తెలియాలి. చాలామంది చదివేది బటన్ ఒక్కటే.

ఇక అసలు మాటకు వద్దాం. ‘నివేదించు’లో నైవేద్యం వాసన ఉంది, ఆఫీసు కాగితం వాసన ఉంది. కింది ఉద్యోగి పై అధికారికి నివేదిస్తాడు. ఇంట్లో, వీధిలో ఆ మాట ఎవరూ అనరు. కానీ కష్టమైన మాట కావడం ఒక్కటే దాని లోపం కాదు. ఎవరికి చెబుతున్నామో అది చెప్పదు. పోలీసులకా, ఆ పోస్టు పెట్టినవాడికా, యాప్ వాళ్ళకా, గ్రూపులో అందరికా? జవాబు తెలియనప్పుడు మనిషి వేలు వెనక్కి తీసుకుంటాడు. మీ బటన్ ఎవరూ నొక్కకపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

‘రిపోర్ట్’ తెలిసిన మాటే. మావైపు పెద్దవాళ్ళకు రిపోర్ట్ అంటే రక్తపరీక్ష కాగితం. బరంపురమో విశాఖపట్నమో ఆసుపత్రికి వెళ్ళి వచ్చినవాళ్ళను ‘రిపోర్ట్ వచ్చిందా?’ అని అడుగుతారు. కుర్రాళ్ళకు ఇంకో అర్థం ఉంది. ‘అందరూ వాడికి రిపోర్ట్ కొట్టండి’ అంటారు, అంటే గుంపుగా కలిసి ఒకడి ఐడీ పోగొట్టడం. ఒకే మాట ఒకరికి కాగితం, ఇంకొకరికి దెబ్బ. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, ఇంగ్లీషులో ఆ మాట క్రియా అవుతుంది, నామవాచకమూ అవుతుంది. సందర్భం చెప్పకుండా ఆ ఒక్క మాటను ట్రాన్స్‌లేటర్‌కు పంపితే ‘నివేదిక’ అని తిరిగి వస్తుంది. బటన్ మీద ‘నివేదిక’ అని చూసి, నొక్కితే ఏదో చదవడానికి వస్తుందని జనం అనుకుంటారు. మీ డెవలపర్‌కు చెప్పండి: తెరమీద వచ్చే ప్రతి మాట (స్ట్రింగ్) పక్కన ‘ఇది బటన్, నొక్కితే ఇది జరుగుతుంది’ అని ఒక వాక్యం రాసి పంపాలి. ఈ పని ఐదు నిమిషాలది, చాలా టీములు చేయవు.

‘ఫిర్యాదు’ మంచి మాటే, అందరికీ తెలుసు. అందుకే భయం. ఫిర్యాదు అంటే స్టేషను మెట్లు ఎక్కడం, సంతకం పెట్టడం, సాక్ష్యం చెప్పడం. పక్కింటి అబ్బాయి పెట్టిన పిచ్చి ఫోటో గురించి ఒక ఆడపిల్ల అంతదూరం వెళ్ళాలనుకోదు. పైగా మన సరిహద్దులో ఇంకో చిక్కుంది. ఒడియాలో ఫిర్యాదును ‘అభియోగ’ అంటారు, పలకడం ‘అభిజోగ’ అని పలుకుతారు. కలెక్టర్ ఆఫీసులో గ్రీవెన్స్ రోజున కట్టిన బ్యానర్ మీద కూడా ఆ మాటే ఉంటుంది. తెలుగులో ‘అభియోగం’ అంటే కోర్టులో మోపే నేరం. ఒడియా వెర్షన్ చూసి తెలుగు వెర్షన్ రాసేవాళ్ళు, అక్షరాలు ఒకేలా ఉన్నాయి కదా అని ‘అభియోగం చేయండి’ అని రాసేస్తే, అది ఎవరిమీదో కేసు పెట్టమన్నట్టు ఉంటుంది. మీ టీములో రెండు భాషలవాళ్ళూ ఉన్నారన్నారు కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

‘చెప్పు’ అనే మాట ఈ పనికి ఎందుకు సరిపోతుందో ఆలోచించండి. బడిలో పిల్లవాడు ‘టీచర్‌కు చెబుతా’ అంటాడు. అమ్మ ‘ఎవరైనా ఏమైనా అంటే నాకు చెప్పు’ అంటుంది. జరగకూడనిది జరిగినప్పుడు పెద్దదిక్కుకు తెలియజేయడానికి తెలుగులో పుట్టిన మాట అదే. ‘మాకు’ అన్నది ఎవరికి చెప్పాలో తెలుపుతుంది. ‘దీని గురించి’ అన్నది దేనిగురించో చెబుతుంది. మొత్తం మూడు నాలుగు మాటలు, ఇంగ్లీషు ఆరక్షరాల బటన్‌లో పట్టదు. పట్టేలా బటన్‌ను పెంచండి, మాటను నరకకండి. మరీ చోటు లేకపోతే ‘మాకు చెప్పండి’ అని ఉంచి, పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టండి. జెండా మాత్రం వద్దు. మన ఊళ్ళలో జెండా అంటే పార్టీ జెండా, లేకపోతే పంద్రాగస్టు.

‘చెప్పు’నా ‘చెప్పండి’నా అని కూడా మీరు రేపు కొట్టుకుంటారు. ఫోన్‌కు మనం ఇచ్చే ఆజ్ఞ కాబట్టి ‘పంపు’, ‘తీసేయి’ అనాలని ఒక వాదం ఉంది. అది తర్కానికి సరే. కానీ అరవై దాటినవాళ్ళు తెరను చదివేటప్పుడు ఫోనే తమతో మాట్లాడుతోందనుకుంటారు. ‘చెప్పు’ అంటే వాళ్ళకు చివుక్కుమంటుంది. అన్నిచోట్లా ‘అండి’తో రాయండి, ఒకచోట అలా ఒకచోట ఇలా వద్దు. శ్రీకాకుళం యాసలో రాద్దామన్న ఆలోచన వస్తే మానుకోండి. మన యాస మీద నాకు ప్రాణం, కానీ కోరాపుట్, జయపురం వైపు తెలుగువాళ్ళ మాట ఇంకోలా ఉంటుంది. అందరికీ తెలిసిన మామూలు మాటే తెరకు మంచిది.

ఇదే దారిలో ఇంకొన్ని మాటలున్నాయి, మీ తెరలమీద వెతికి సరిచేయండి. ‘ఖాతా’ ఒకటి. ఒడిశాలో ఖాతా అంటే భూమి పట్టామీద ఉండే ఖాతా నంబరు, తర్వాత బ్యాంకు ఖాతా, ఆ తర్వాత కొట్లో అరువు ఖాతా. ‘ఈ ఖాతాను తొలగించమని కోరండి’ అని చదివితే పెద్దాయన గుండె ఆగుతుంది. జనం అనేది ‘ఐడీ’. ‘ఫేక్ ఐడీ’ అని రాయండి, చిన్నా పెద్దా అందరికీ అర్థమవుతుంది. రెండోది ‘బ్లాక్’. ఆంధ్రలో మండలం ఎలాగో ఇక్కడ బ్లాక్ అలాగ. రాయగడ జిల్లాలో 11 బ్లాకులున్నాయి, గజపతి జిల్లాలో 7. మా వీధిలో ఒక పెద్దమ్మ ‘బ్లాక్ చేయండి’ అన్నది చూసి, ‘ఇది బ్లాక్ ఆఫీసుకు పోతాదా బాబూ?’ అని అడిగింది. కుర్రాళ్ళకు ఆ అనుమానం రాదు కాబట్టి మాట తీసేయనక్కర్లేదు, కింద చిన్న అక్షరాల్లో ‘ఇక ఈ మనిషి మీకు మెసేజ్ పెట్టలేరు, మీ ఫోటోలు చూడలేరు’ అని రాయండి. మూడోది ‘కమ్యూనిటీ’. ‘ఇది మా కమ్యూనిటీ ప్రమాణాలకు విరుద్ధం’ అని చాలా యాప్‌లు రాస్తాయి. మనకు కమ్యూనిటీ అంటే కులం. కులం ధ్రువపత్రాన్నే కమ్యూనిటీ సర్టిఫికెట్ అంటాం. ఆ వాక్యం చదివినవాడు తన కులాన్ని ఏదో అన్నారనుకుంటాడు. ‘ఈ యాప్‌లో ఇలాంటివి పెట్టకూడదు’ అంటే సరిపోతుంది.

పేరు తగిలించే వాక్యాలు కూడా జాగ్రత్త. ఖాళీలో పేరు వేసి, వెనక ‘ను బ్లాక్ చేయండి’ అని అతికిస్తే ‘రవి ను’, ‘లక్ష్మి ను’ అని తెలుగు విరిగిపోతుంది. ‘గారిని’ చేర్చితే వ్యాకరణం కుదురుతుంది, కానీ తనను ఏడిపించినవాడిని గారు అని పిలవమనడం ఆ పిల్లకు ఎంత బాధ! పేరు పైన వేరే వరుసలో వేసి, కింద ‘ఈ మనిషిని బ్లాక్ చేయండి’ అని రాయండి. ఆడా మగా అన్న చిక్కు కూడా దాంతో పోతుంది.

ఇప్పుడు కారణాల జాబితా. మీవాళ్ళు సగంలో వదిలేస్తున్నారన్నారు కదా, వాళ్ళు ఆగిపోయేది ఇక్కడే. మీరు పంపిన జాబితాలో ‘స్పామ్, వేధింపు, ద్వేషపూరిత ప్రసంగం, నగ్నత్వం, తప్పుడు సమాచారం, వంచన, ఇతరములు’ అని ఉంది. ఇది కంపెనీ లోపల ఫైళ్ళు సర్దుకునే పద్ధతి. బాధలో ఉన్న మనిషి తన బాధ ఏ ఫైల్లో పడుతుందో ఆలోచించడు. తనకు ఏం జరిగిందో అది అక్కడ కనిపించాలి. కాబట్టి ప్రతి కారణాన్నీ ఆ మనిషి నోటి మాటగా రాయండి.

వంచన, ఇంపర్సనేషన్ లాంటి మాటల బదులు: ‘నా ఫోటో, నా పేరు పెట్టి వేరేవాళ్ళు ఐడీ నడుపుతున్నారు’. నగ్నత్వం బదులు: ‘బట్టలు లేని ఫోటో లేదా వీడియో’. అది తనదే అయినప్పుడు దారి వేరుగా ఉండాలి కాబట్టి ఇంకో వరుస: ‘నా ప్రైవేటు ఫోటో లేదా వీడియో పెట్టారు’. వేధింపు బదులు: ‘నన్ను తిడుతున్నారు, బెదిరిస్తున్నారు, వద్దన్నా మెసేజ్‌లు పెడుతున్నారు’. స్పామ్ బదులు: ‘ఒకే ప్రకటన పదేపదే పెడుతున్నారు’.

‘ద్వేషపూరిత ప్రసంగం’ గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పాలి. ప్రసంగం అంటే మనకు మైకు, వేదిక. ఎవరో నాలుగు అక్షరాల బూతు టైపు చేస్తే అది ప్రసంగమని ఎవరికీ తోచదు. ‘కులం, మతం, భాష, ఊరు పేరు పెట్టి తిట్టారు’ అని రాయండి. అందులో ‘భాష’ అన్న మాట తీసేయొద్దు. హైదరాబాద్‌లో కూర్చుని రాసే జాబితాలో అది ఉండదు. మన దగ్గర తెలుగువాళ్ళనీ ఒడియావాళ్ళనీ సవరలనీ కోదులనీ పేరు పెట్టి అనే మాటలు ఎంత లోతుగా గుచ్చుకుంటాయో ఇక్కడ పుట్టినవాళ్ళకే తెలుసు. మీ యాప్ ఈ జిల్లాలది. ఆ వరుస మీ జాబితాలో పైనే ఉండాలి.

డబ్బు మోసాన్ని మాత్రం ఒకటిగా ఉంచకండి, రెండు చేయండి. ‘డబ్బు అడుగుతున్నారు, మోసంలా ఉంది’ ఒకటి. ‘నా డబ్బు పోయింది’ ఇంకొకటి. మొదటిదానికి మీరు చూసుకుని ఆ ఐడీ ఆపితే చాలు. రెండోదానిలో ప్రతి నిమిషం విలువైనది. అది నొక్కిన వెంటనే ఫారం చూపించకండి. ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కలిపే బటన్ చూపించండి, కింద ‘తర్వాత మాకు కూడా చెప్పండి’ అని రాయండి. వెంటనే ఫోన్ చేస్తే బ్యాంకులో ఆ డబ్బు ఆపే అవకాశం ఉంటుంది, మీ ఫారం నింపుతూ ఆ సమయం పోగొట్టుకోకూడదు. పిల్లలకు సంబంధించిన కారణం దగ్గర పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉండాలి. ఎవరైనా ప్రాణం తీసుకుంటానని రాస్తే ‘సెల్ఫ్ హార్మ్’ అనో ‘స్వీయ హాని’ అనో కాకుండా ‘ఈ మనిషి ప్రాణం తీసుకుంటారేమోనని భయంగా ఉంది’ అని రాయండి, కింద మనసు బాగాలేనివాళ్ళకు సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416, అత్యవసరానికి 112 ఇవ్వండి. చెప్పేవాళ్ళు కూడా భయంలోనే ఉంటారు, ‘మీరు చెప్పడం మంచిదైంది’ అన్న ఒక్క వాక్యం అక్కడ ఉంచండి.

‘ఇతరములు’ బదులు ‘ఇందులో లేనిది, నేనే చెబుతాను’ అని పెట్టి, రాయడానికి చోటు, మాట్లాడడానికి మైకు రెండూ ఇవ్వండి. ‘నాకు ఇలాంటివి చూడాలని లేదు’ అన్నది కూడా జాబితాలో ఉండాలి, కానీ అది మీకు ఫిర్యాదుగా రాకూడదు. అది నొక్కితే ఆ పోస్టు వాళ్ళ తెరమీద కనిపించకుండా పోతే చాలు. ఈ దారి లేకపోతే, నచ్చని ప్రతిదాన్నీ మోసం కిందో తిట్టు కిందో పంపిస్తారు, అసలైనవి వాటికింద పడిపోతాయి.

ఇంత చేసినా ఒక భయం మిగులుతుంది. చిన్న ఊళ్ళో అది అన్నిటికన్నా పెద్దది: ‘నేను చెప్పానని వాళ్ళకు తెలుస్తుందా?’ పెద్ద నగరంలో పోస్టు పెట్టినవాడు ఎవరో తెలియదు. గుణుపూర్‌లో అతను మా బావమరిది స్నేహితుడు, రేపు పెళ్ళిలో పక్కన కూర్చుని భోంచేస్తాడు. ఈ భయానికి జవాబు సహాయం పేజీలో దాచితే ఎవరూ చూడరు. బటన్ కిందనే, మొదటి తెరమీదే ఉండాలి: ‘మీ పేరు వాళ్ళకు చెప్పం.’ నాలుగే మాటలు. మీరు మార్చే మాటలన్నిటిలో ఒక్కటే మార్చే ఓపిక ఉంటే, ఇది చేర్చండి.

అయితే అది నిజమైనప్పుడే రాయాలి. కాపీరైట్ ఫిర్యాదుల్లో చాలా వేదికలు చెప్పినవారి పేరు ఎదుటివారికి ఇస్తాయి. మీరూ అలా చేస్తే ఆ ఒక్క కారణం దగ్గర ముందుగానే చెప్పాలి. పోలీసులు చట్ట ప్రకారం అడిగితే మీరు వివరాలు ఇవ్వాల్సి వస్తుంది, ఆ సంగతి లోపలి పేజీలో స్పష్టంగా ఉండాలి. ఇంకొకటి, పేరు దాచినా మాటల్లో దొరికిపోవచ్చు. ‘మా చెల్లెలి ఫోటో పెట్టారు’ అని రాసిన వాక్యాన్ని మీవాళ్ళు ఎదుటివాడికి యథాతథంగా పంపితే పేరు దాచి లాభం లేదు. మాట ఇచ్చింది లేబుల్ అయినా, దాన్ని నిలబెట్టాల్సింది వెనక పనిచేసే మనుషులు.

‘తప్పుడు ఫిర్యాదు చేస్తే చర్య తీసుకుంటాం’ అన్న హెచ్చరిక మొదటి తెరమీద పెట్టకండి. గుంపుగా రిపోర్ట్ కొట్టేవాళ్ళు దానికి భయపడరు, మా మేనకోడలు లాంటివాళ్ళు భయపడతారు. ఒకే పోస్టు మీద ఒక్కసారిగా కుప్పగా వచ్చినవాటిని మీరు లోపల వేరుగా చూసుకోండి.

పంపించిన తర్వాత వచ్చే మాట. ‘మీ నివేదిక స్వీకరించబడింది. తగిన చర్యలు తీసుకోబడతాయి’ అని రాస్తే, ఎవరు తీసుకుంటారు, ఎప్పుడు, ఏ చర్య? దేనికీ జవాబు లేదు. ‘మీరు చెప్పింది మాకు అందింది. మా మనిషి చూసి, ఎల్లుండిలోగా ఇక్కడే మీకు చెబుతాం’ అనండి. చూసిన తర్వాత ‘మీరు చెప్పిన పోస్టు తీసేశాం’ అనో, ‘చూశాం, తీయలేదు, ఎందుకంటే’ అనో ఒక్క కారణంతో చెప్పండి. తీయనప్పుడు చెప్పడమే ముఖ్యం. జవాబు రాకపోతే మనిషి రెండోసారి చెప్పడు.

గడువు మీ ఇష్టం వచ్చినట్టు వేయడానికి లేదు, చట్టం ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ నియమాలు చిన్న యాప్‌లకు కూడా వర్తిస్తాయి. ఫిర్యాదులు చూసే అధికారి పేరు, సంప్రదించే వివరాలు యాప్‌లో కనిపించాలి. అప్పటి నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి అని ఉండేది. ఒకరి ప్రైవేటు ఫోటోలు, వేరొకరి పేరుతో వేషాలు లాంటివైతే బాధితులు చెప్పిన 24 గంటల్లో తీయడానికి చర్య తీసుకోవాలని ఉండేది. 2022 అక్టోబరు సవరణలో కొన్నిటికి గడువు ఇంకా తగ్గింది, మీ నియమాలను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో వాడుకరి కోరిన భాషలో ఇవ్వాలన్నది కూడా వచ్చింది. తెలుగు, ఒడియా రెండూ ఆ షెడ్యూల్లో ఉన్నాయి. ఈ గడువులు మారుతూ వస్తున్నాయి కాబట్టి తెరమీద అంకె వేసే ముందు ఆ రోజుకు అమల్లో ఉన్నదేదో వకీలుతో చూపించుకోండి. వేసిన అంకె చట్టం గడువుకన్నా ఎక్కువ ఉండకూడదు, మీ మనుషులు నిలబెట్టలేనంత తక్కువా ఉండకూడదు.

లిపి గురించి మీరు అడగలేదు, కానీ అడగాల్సిందే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది, పక్కనున్న పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది. ఇప్పుడు మన ఇళ్ళలో తాతకు తెలుగు చదవడం వచ్చు, మనవడు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదువుతాడు. వాడికి ‘మాకు చెప్పండి’ వింటే అర్థమవుతుంది, చూస్తే అక్షరాలు కూడబలుక్కోవాలి. కాబట్టి భాష ఒక ప్రశ్న, లిపి ఇంకో ప్రశ్న. ఫోన్ ఒడిశాలో ఉంది కదా అని యాప్ తనంతట తాను ఒడియాలోకి మారకూడదు. తెలుగు ఎంచుకున్నవాళ్ళకు, ఈ ఒక్క విభాగంలోనైనా, ప్రతి కారణం పక్కన చిన్న స్పీకర్ గుర్తు పెట్టి చదివి వినిపించండి. ఒడియా అక్షరాల్లో తెలుగు మాట రాసి కూడా చూడండి, మా పక్కింటి పిల్లలు పెళ్ళి పాటలు అలాగే రాసుకుంటారు. ఒడియా వెర్షన్ మాత్రం ఒడియా ఇంట్లో పుట్టినవాళ్ళే రాయాలి, తెలుగునుంచి మార్చడం కాదు.

చూపు లేనివాళ్ళు తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో వింటారు. మూడు చుక్కల వెనక దాచిన బటన్‌కు పేరు పెట్టకపోతే వాళ్ళకు వినిపించేది ‘బటన్’ ఒక్కటే. తెరమీద ఉన్న మాటే అక్కడా ఉండాలి. బటన్ పరిమాణానికి ఆండ్రాయిడ్ 48 డీపీ, ఆపిల్ 44 పాయింట్లు కనీసం అంటాయి (ఇవి తెరమీద కొలతలు). తెలుగుకు ఎత్తు ఇంకొంచెం ఎక్కువ ఇవ్వండి, ఇంగ్లీషు కొలతతో గీసిన పెట్టెలో కింది వత్తులు తెగిపోతాయి. రంగు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎరుపు చూస్తే తామే తప్పు చేశామనుకుంటారు, మిగతా బటన్ల రంగే ఉంచండి.

చివరగా, నేను చెప్పానని ఇవి పెట్టేయకండి. మా పర్లాకిమిడిలో ఉన్నప్పుడు గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాషను పుస్తకంలో నేర్చుకోలేదు, అప్పటికి ఆ పుస్తకాలే లేవు. సవర మాట వచ్చినవారిని ఇంట్లో పెట్టుకుని విని నేర్చుకున్నారు. మీరూ వినాలి. లేబుళ్ళను ఒక్కొక్కటి ఒక్కో చీటీమీద పెద్ద అక్షరాలతో రాసుకుని పలాస నుంచి గుణుపూర్ వచ్చే ప్యాసింజర్ ఎక్కండి. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, ఇటూ అటూ తెలుగువాళ్ళే ఎక్కి దిగుతారు. చీటీ చూపించి ‘అర్థమైందా?’ అని అడగకండి, మర్యాదకు అందరూ అర్థమైందనే అంటారు. ‘ఇది నొక్కితే ఏమవుతుందమ్మా?’ అని అడగండి. ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు అదే చీటీ వెనక రాసుకోండి, సరిదిద్దకండి. తర్వాత ‘మీ అమ్మాయికి ఇలా జరిగితే ఈ కాగితాల్లో ఏది ఎంచుకుంటారు?’ అని అడగండి. రెండు చీటీల మధ్య ఆమె చెయ్యి ఆగిందంటే ఆ రెండు మాటలూ మళ్ళీ రాయాలి. ముందుగా ‘వద్దు, వెనక్కి’, ‘పంపించండి’ ఉన్న చీటీలు చూపించండి. అవి కుదిరాక మిగతావి ఇక్కడ పెట్టండి, చీటీల వెనక రాసుకున్నవి కూడా పెట్టండి, కలిసి చూద్దాం.